పాదాలకు పన్నెండు వారాల పాఠం

షుగర్ ఉన్న ఇంట్లో అందరి దృష్టి చేతి వేలి మీదే ఉంటుంది. పొద్దున్నే వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం పట్టీ మీద పెట్టి, వచ్చిన అంకెను డైరీలో రాసుకుంటాం. ఆ అంకె పెరిగితే ఇంటిల్లిపాదికీ కంగారు. కాలి వేళ్లను మాత్రం ఎవరూ చూడరు. సాయంత్రం ఇంటికి వచ్చి బూట్లు విప్పి మూలన పడేయడంతో పాదాల సంగతి ఆ రోజుకు ముగిసిపోతుంది.

నా భర్త మన బ్యాంకులో ఆఫీసరు. నేను ఫిజియోథెరపిస్టును. ఆయన బదిలీలతో పాటు నా ప్రాక్టీసు కూడా ఊళ్లు మారుతూ వచ్చింది. ఊరు మారినప్పుడల్లా పాత ఊళ్లోని వాళ్లు "మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్లాలమ్మా?" అని అడిగేవారు. అలా వీడియోలో వ్యాయామాలు నేర్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవారిలో సగం మందిని నేను ఎదురుగా చూసింది ఒకటి రెండుసార్లే. వారిలో చాలామందికి షుగర్ వల్ల కాలి నరాలు దెబ్బతిన్నాయి. ఇలాంటివారికి ఆన్‌లైన్ పాద వ్యాయామాలు ఏ మేరకు పనికొస్తాయి, ఎక్కడ పనికిరావు, ఇంట్లో వాళ్లు చేయాల్సింది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చెబుతాను.

అవసరం ఎంత పెద్దదో ముందు చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన దేశవ్యాప్త సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మధుమేహం ఉన్నవారిలో దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు నరాలు దెబ్బతింటాయని వైద్యులు చెబుతారు. ఈ దెబ్బ ముందుగా తగిలేది శరీరంలో అతి పొడవైన నరాలకు, అంటే పాదాలకు వెళ్లే నరాలకు.

నొప్పి లేకపోవడమే ప్రమాదం

కొందరికి రాత్రిళ్లు అరికాళ్లు మండుతాయి, సూదులతో గుచ్చినట్లు ఉంటుంది. వీళ్లు త్వరగా డాక్టరు దగ్గరికి వెళతారు. కొందరికి మంటా ఉండదు, నొప్పీ ఉండదు. దూది మీద నడిచినట్లు ఉందంటారు, చెప్పు జారిపోయినా తెలియలేదంటారు. నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనుకుంటారు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఈ రెండో రకం వాళ్లే.

ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పినవారిలో మన దక్షిణాదితో సంబంధం ఉన్న ఒక డాక్టరు ఉన్నారు. ఆయన పేరు పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. ఇంగ్లండులో చదువుకుని 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు వ్యాధిగ్రస్తుల వేళ్లు వ్యాధి వల్ల వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. బ్రాండ్, ఆయన సహచరులు ఓపికగా గమనించి అసలు కారణం వేరని చూపించారు. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు అంటుకున్నా, చెప్పు కరిచినా మనిషికి తెలియదు. తెలియక అదే కాలితో నడుస్తూ ఉంటే గాయం పుండై, పుండు ఎముక దాకా పోతుంది. తరువాత ఆయన అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కార్విల్ అనే చోట పనిచేసినప్పుడు ఇదే పాఠం మధుమేహ పాదాలకూ వర్తిస్తుందని చెప్పారు. కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం మన దక్షిణాదిలో వాడుకలోకి వచ్చిన మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులనే ఈనాడు డాక్టర్లు షుగర్ ఉన్నవారికి రాసిస్తున్నారు. దుకాణాల్లో ఎం.సి.ఆర్. చెప్పులని అడిగితే ఇస్తారు.

వ్యాయామం ఎక్కడ పనిచేస్తుంది?

మన ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే చిన్న చిన్న కండరాలు అరికాల్లోనే ఉంటాయి. నరం దెబ్బతింటే స్పర్శ పోవడంతో పాటు ఈ కండరాలకు ఆజ్ఞలు అందడమూ తగ్గుతుంది. అవి సన్నబడతాయి. పెద్ద కండరాల లాగుడికి ఎదురు నిలిచేది లేక వేళ్లు పక్షి గోళ్లలా వంకర తిరుగుతాయి. వేళ్ల మొదట్లో ఉండే మెత్తని కొవ్వు దిండు ముందుకు జరిగిపోతుంది. దాంతో అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువు వేళ్ల మొదట్లోని ఎముకల మీద నేరుగా పడుతుంది.

దీనికి తోడు ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే కీళ్ల చుట్టూ ఉండే కణజాలం బిరుసెక్కుతుంది. చీలమండ పూర్తిగా వంగదు. వంగని చీలమండతో నడిస్తే మడమ తొందరగా లేచిపోయి, పాదం ముందు భాగం మీద బరువు ఇంకా పెరుగుతుంది. ఆ చోట ముందు ఆనె కడుతుంది, ఆనె కింద చర్మం నలుగుతుంది, చివరికి పుండు పడుతుంది. ఈ వరుసలో ఎక్కడా నొప్పి ఉండదు.

వ్యాయామం ఈ వరుసను కొన్నిచోట్ల అడ్డుకోగలదు. చీలమండకు, వేళ్ల కీళ్లకు కదలిక పెంచుతుంది. అరికాలి కండరాలకు బలం ఇస్తుంది. నడకలో తూలడం తగ్గిస్తుంది. అయితే పోయిన నరాన్ని వ్యాయామం కొత్తగా మొలిపించదు. షుగర్ అదుపు, సరైన చెప్పు, రోజూ పాదం చూసుకోవడం అనే మూడింటికి ఇది నాలుగోదిగా చేరుతుంది. వాటిలో దేనికీ బదులు కాదు.

మధుమేహ పాదంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. పాదాలకు తక్కువ లేదా మధ్యస్థ ప్రమాదం ఉన్నవారు 8 నుంచి 12 వారాల పాద-చీలమండ వ్యాయామ కార్యక్రమం చేయవచ్చని, వీలైతే శిక్షణ పొందిన నిపుణుల పర్యవేక్షణలో చేయాలని, ఆ తరువాత కూడా కొనసాగించాలని సూచించాయి. ఇదే వర్గం వారు రోజువారీ నడకను మరో 1000 అడుగుల మేర పెంచుకున్నా ప్రమాదం ఉండకపోవచ్చని కూడా చెప్పాయి.

బ్రెజిల్ నుంచి నేర్చుకోదగ్గది

ఆన్‌లైన్ పాద వ్యాయామాల మీద ఓపికగా పనిచేసినవారిలో బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయం ఫిజియోథెరపీ విభాగం ఒకటి. ప్రొఫెసర్ ఇసబెల్ సాకో నేతృత్వంలోని బృందం అక్కడ "సోపెడ్" అనే ఉచిత ఆన్‌లైన్ కార్యక్రమాన్ని తయారుచేసింది. పోర్చుగీసు భాషలోని ఆ పేరుకు మధుమేహ పాదానికి మార్గదర్శక వ్యవస్థ అని అర్థం చెప్పుకోవచ్చు.

దాని పనితీరు మన బ్యాంకు వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. రుణం ఇచ్చే ముందు దరఖాస్తుదారుడి వివరాలు అడిగినట్లే, ముందుగా పాదం గురించిన ప్రశ్నలు అడుగుతుంది. తరువాత వీడియో చూపి వ్యాయామం చేయిస్తుంది. ప్రతి వ్యాయామం అయ్యాక "ఎంత కష్టంగా అనిపించింది?" అని 0 నుంచి 10 వరకు అంకె అడుగుతుంది. సులువుగా ఉందంటే తరువాతిసారి ఒక మెట్టు పెంచుతుంది. కష్టంగా ఉందంటే అక్కడే ఉంచుతుంది లేదా ఒక మెట్టు దించుతుంది. అందరికీ ఒకే పాఠం అప్పజెప్పకుండా, పాదాన్ని బట్టి పాఠం మారుతుందన్నమాట.

అదే బృందం నరాల దెబ్బ ఉన్న 78 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. 12 వారాల పాటు కొంత ఫిజియోథెరపిస్టు ఎదుట బృందంగా, కొంత ఇంట్లో ఆన్‌లైన్ సాయంతో వ్యాయామాలు చేయించి, ఏడాది వరకు గమనించారు. రోజుకు ఎన్ని అడుగులు నడుస్తున్నారన్న లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ వేగంగా నడవమన్నప్పుడు నడక వేగం పెరిగింది. 12 వారాలు ముగిసే సరికి చీలమండ కదలిక, కంపనాన్ని గుర్తించే శక్తి మెరుగయ్యాయి. గొప్ప అద్భుతం కాదు, తీసిపారేసేదీ కాదు. రోడ్డు దాటేటప్పుడు కాస్త వేగంగా అడుగు వేయగలగడం 65 ఏళ్ల మనిషికి చిన్న లాభమేమీ కాదు.

మూడు రకాల ఆన్‌లైన్ పాఠాలు

మనకు దొరికే ఆన్‌లైన్ కార్యక్రమాలను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది రికార్డు చేసిన వీడియో. ఖర్చు ఉండదు, ఎప్పుడైనా చూడవచ్చు. కానీ మీ కాలికి పుండు ఉందో లేదో దానికి తెలియదు.

రెండోది, పైన చెప్పిన బ్రెజిల్ పద్ధతిలో ప్రశ్నలు అడిగి, మెట్టు మార్చే కార్యక్రమం. ఇది కొంత మేలు. అయినా మీరు చెప్పిందే దానికి తెలుస్తుంది. స్పర్శ లేని మనిషి "నాకేం నొప్పి లేదు" అని నిజాయితీగానే తప్పు సమాధానం ఇస్తాడు.

మూడోది, వీడియో కాల్‌లో ఫిజియోథెరపిస్టు ఎదురుగా ఉండి చేయించేది. ఇందులో అటువైపు ఒక మనిషి కన్ను ఉంటుంది. నా సలహా ఇది: ఒక్కసారైనా నేరుగా వెళ్లి పాదం పరీక్ష చేయించుకోండి. మొదటి రెండు మూడు వారాలు వీడియో కాల్‌లో నేర్చుకోండి. ఆ తరువాత రికార్డు చేసిన వీడియోతో సొంతంగా చేసుకుంటూ, నెలకోసారి నిపుణులకు చూపించండి.

ముందు పాదానికి కేవైసీ

కేవైసీ లేకుండా ఖాతా తెరవం. అలాగే పాదాన్ని చూడకుండా వ్యాయామం మొదలుపెట్టకూడదు. డాక్టరు దగ్గర చేసే పరీక్షలో 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ తీగను అరికాలికి తాకించి చూస్తారు. కంపించే ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి మీద పెట్టి చూస్తారు. పాదం మీది నాడి కొట్టుకుంటోందా లేదా అని చూస్తారు. ఈ చివరిది చాలా ముఖ్యం. నాడి అందకపోతే సమస్య నరాలతో ఆగలేదని, రక్త ప్రసరణకూ ఇబ్బంది ఉండవచ్చని అర్థం. అప్పుడు దారి వేరు.

ఇంట్లో వాళ్లు చేయగలిగిన పరీక్ష కూడా ఒకటి ఉంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రి వైద్యులు దీన్ని 2011లో వెల్లడించారు. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. షుగర్ ఉన్నవారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొనతో వారి బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలి కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు క్షణాలు, ఈక తాకినంత తేలికగా తాకండి. నొక్కకూడదు, గీకకూడదు, తట్టకూడదు. తాకినప్పుడు "కుడి", "ఎడమ" అని చెప్పమనండి. రెండు కాళ్లకు కలిపి ఆరు చోట్లు. వాటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందని భావించి డాక్టరును కలవాలి. ఇంట్లో పదేళ్ల మనవడు కూడా తాతగారికి ఈ పరీక్ష చేయగలడు.

ఇంకో మాట. మెట్ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. శాకాహారులకు ఆ అవకాశం ఇంకా ఎక్కువ. దానివల్ల కూడా కాళ్లు మొద్దుబారతాయి. అందుకని తిమ్మిర్లన్నీ షుగర్ ఖాతాలోనే రాసేయకుండా బి12 పరీక్ష గురించి డాక్టరును అడగండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

పాఠం ఇలా ఉంటుంది

వారానికి మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు. 12 వారాలకు 36 సార్లు, మొత్తం కలిపితే 12 గంటలు. చేతులున్న గట్టి కుర్చీ, గోడకు ఆనించిన బల్ల, ఒక తువ్వాలు, కొన్ని దూది ఉండలు చాలు. గచ్చు తడిగా, నున్నగా ఉండకూడదు. కింద గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు లేవని చూసుకుని చాప పరవండి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో చేయకూడదు. షుగర్ 70 కంటే తగ్గి ఉంటే ఆ పూట వ్యాయామం సంగతి మరచి ముందు గ్లూకోజు తీసుకోవాలి.

కూర్చుని చేసేవి ముందు:

1. మడమ నేల మీద ఉంచి పాదం ముందు భాగాన్ని పైకి లేపండి, దించండి. తరువాత వేళ్లు నేల మీద ఉంచి మడమ లేపండి. ఒక్కోటి 10 సార్లు.

2. కాలు కొద్దిగా పైకెత్తి, పాదంతో గాలిలో సున్నా చుట్టండి. ఇటు 10, అటు 10.

3. వేళ్లను విసనకర్రలా విప్పండి, దగ్గరకు తీయండి. మొదట్లో కదలవు. చేత్తో సాయం చేయండి. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా వస్తుంది.

4. బొటనవేలు ఒక్కదాన్నే పైకి లేపి మిగతా నాలుగింటినీ నేలకు ఆనించండి. తరువాత దీనికి తిరగేసి చేయండి. ఇది మెదడుకు కూడా పని.

5. తువ్వాలు నేల మీద పరిచి వేళ్లతో మీ వైపు ముడతలు ముడతలుగా లాక్కోండి. తువ్వాలు కష్టంగా ఉంటే దూది ఉండను వేళ్లతో పట్టి పక్కన పెట్టండి.

6. వేళ్లు ముడవకుండా, మడమ కదపకుండా, అరికాలి మధ్య భాగాన్ని మాత్రం గొడుగులా పైకి లాగి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. అరికాలి కండరాలకు ఇది అసలైన వ్యాయామం. కుదరడానికి అందరికన్నా ఎక్కువ సమయం పట్టేదీ ఇదే.

నిలబడి చేసేవి, తూలని వారికి మాత్రమే:

7. గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేల మీద నుంచి లేవకుండా ముందుకు వంగండి. పిక్క సాగినట్లు తెలియాలి. 30 క్షణాలు, ఒక్కో కాలికి మూడుసార్లు.

8. బల్ల పట్టుకుని రెండు మడమలూ లేపి మెల్లగా దించండి. 10 సార్లు. వేళ్ల మొదట్లో ఆనెలు ఉన్నవారు దీన్ని నిపుణులను అడగకుండా చేయకూడదు. బరువంతా అక్కడే పడుతుంది.

9. గోడ పక్కన ఒక పాదం ముందు మరో పాదం పెడుతూ పది అడుగులు నడవండి. పక్కన ఒక మనిషి ఉండాలి.

కూర్చుని చేసేటప్పుడు పాదం కనబడాలి కాబట్టి చెప్పులు, మేజోళ్లు తీసి చేస్తాం. నిలబడి చేసేటప్పుడు మెత్తని చెప్పు లేదా బూటు వేసుకోవాలి. అయ్యాక రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ వెలుతురులో చూడాలి. వంగలేనివారు అద్దం నేల మీద పెట్టి చూసుకోవచ్చు.

కెమెరాలో కనబడిన పుండు

నంద్యాల నుంచి ఒక రిటైర్డ్ హెడ్ క్యాషియర్ గారు నా దగ్గర వీడియోలో నేర్చుకునేవారు. నేను ఆయన్ను బాబాయిగారూ అని పిలుస్తాను. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ ప్రతి నవంబరులో ఫోనులో ముఖం చూపించి తానే ఇచ్చుకుంటారు కాబట్టి ఆయనకు వీడియో కొత్త కాదు. ఫోను పట్టుకోవడం పిన్నిగారి పని. ఏ వ్యాయామానికైనా ముందు రెండు అరికాళ్లూ కెమెరాకు చూపించాలన్నది నేను పెట్టిన నియమం. బాబాయిగారికి అది అనవసరమనిపించేది. "రోజూ అవే కాళ్లు కదమ్మా, కొత్తగా ఏముంటాయి?" అనేవారు.

ఐదో వారంలో ఒకరోజు కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో, కందిగింజంత మచ్చ కనబడింది. దగ్గరికి తెమ్మంటే పిన్నిగారు ఫోను జరిపారు. మచ్చ చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది. "ఇది ఎప్పుడైందండీ?" అని పిన్నిగారు అడిగారు. "నాకేం తెలియలేదే!" అన్నారాయన. చెప్పు తెప్పించి తిరగేసి చూస్తే చిన్న మేకు మొన అడుగు భాగాన్ని దాటి లోపలికి వచ్చి ఉంది. ఆ చెప్పుతో ఆయన ఎన్ని రోజులు బజారుకు వెళ్లారో ఆయనకే తెలియదు.

ఆ రోజు వ్యాయామం లేదు. ఆ కాలు మీద బరువు పెట్టవద్దని చెప్పి, అదే పూట డాక్టరు దగ్గరికి పంపించాను. పుండు ఇంకా లోతుకు పోలేదు. శుభ్రం చేసి, బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పు ఇచ్చారు. మానడానికి ఏడు వారాలు పట్టింది. డాక్టరు సరేనన్న తరువాతే మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాం.

అదే ఏడాది మరో శాఖలో దఫ్తరీగా పనిచేసి రిటైరైన ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఆయన పుండు కూడా అంతే చిన్నదిగా మొదలైంది. నొప్పి లేదు కదా అని పసుపు అద్దుకుని పొలానికి వెళ్లేవారు. నా దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్లు తీసేశారు. మిగిలిన వేళ్లతో మళ్లీ నడవడం నేర్పడం నా పనైంది. ఆయన నేర్చుకున్నారు, బాగానే నడుస్తున్నారు. కానీ ఆయన భార్య ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేది: "మేం రోజూ చూసి ఉంటే వేళ్లు దక్కేవా అమ్మా?"

ఆన్‌లైన్ పాఠం వల్ల వచ్చే కండర బలం ఎంతో నేను కొలిచి చెప్పగలను. అంతకన్నా పెద్ద లాభం మరొకటి ఉంది. ఎవరూ చూడని పాదాన్ని వారానికి మూడుసార్లు ఇద్దరు మనుషులు శ్రద్ధగా చూస్తారు.

ఇవి కనబడితే వ్యాయామం ఆపాలి

పుండు, బొబ్బ, చర్మం చిట్లడం, ఆనె కింద రక్తపు మచ్చ, వేలు నల్లబడడం, చీము, దుర్వాసన: వీటిలో ఏది కనబడినా వ్యాయామం ఆపి డాక్టరును కలవాలి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతున్నా, రాత్రి పడుకున్నప్పుడు పాదం నొప్పి పెట్టి కాలు కిందికి వేలాడేస్తే తగ్గుతున్నా రక్త ప్రసరణ సమస్య కావచ్చు.

ఒక పాదం ఎర్రగా, వేడిగా, ఉబ్బి ఉంటే అది ఇంకా అత్యవసరం. లోపల ఎముకలు, కీళ్లు నలుగుతున్నా నరాల దెబ్బ ఉన్నవారికి నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. బెణికిందనుకుని కాపడం పెట్టి నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది. ఆ కాలు కింద పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చర్మపు ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఉన్నవారు రెండు పాదాల్లోనూ ఒకే చోట కొలిచి చూడవచ్చు. వరుసగా రెండు రోజులు 2.2 డిగ్రీల సెల్సియస్‌కు మించి తేడా ఉంటే నడక తగ్గించి డాక్టరుకు చెప్పాలి.

ఎవరి పాఠం నమ్మాలి?

మోసపు కాల్స్ గురించి ఖాతాదారులకు రోజూ చెప్పే వాళ్లం మనం. ఇక్కడా అదే జాగ్రత్త కావాలి. "21 రోజుల్లో నరాలు కొత్తగా పుడతాయి", "మాత్రలు మానేయండి" అన్న మాట వినబడితే అక్కడితో ఆపేయండి. ఏడాది రుసుం ముందే కట్టమనేవారిని, మొదటి రోజే కాళ్లు చూడకుండా మడమలు లేపించేవారిని నమ్మకండి. నేర్పేవారి చదువు అడగడం తప్పు కాదు. ఫిజియోథెరపీ పట్టా ఉందా, మధుమేహ పాదాలతో పనిచేసిన అనుభవం ఉందా అని అడగండి. 2021లో వచ్చిన జాతీయ చట్టం పరిధిలోకి ఫిజియోథెరపిస్టులు కూడా వస్తారు. మంచి కార్యక్రమం ముందు ప్రశ్నలు అడుగుతుంది, మెట్టు మెట్టుగా పెంచుతుంది, ఎప్పుడు ఆపాలో చెబుతుంది, సందేహం వస్తే మాట్లాడడానికి ఒక మనిషిని చూపిస్తుంది.

ఇంట్లో వాళ్ల పని

మన ఇళ్లలో గడప లోపల చెప్పులు వేసుకోం. స్పర్శ తగ్గినవారికి మాత్రం ఇంట్లో తిరగడానికి శుభ్రమైన మెత్తని చెప్పుల జత వేరుగా ఉంచండి. గుడికి వెళితే ఎండ ఎక్కకముందే వెళ్లండి. మధ్యాహ్నపు రాతి నేల మీద ప్రదక్షిణ చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కినా వారికి తెలియదు. అలిపిరి మెట్లు ఎక్కే మొక్కు ఉన్నవారు ముందుగా డాక్టరుకు పాదం చూపించుకోండి. కాపడం పెట్టే వేడినీళ్ల సంచి వద్దు. స్నానపు నీటి వేడిని కాలితో కాదు, మోచేతితో చూడాలి. అది కూడా వేరే మనిషి చూస్తే మంచిది. ఆనెలను బ్లేడుతో కోయకండి. ఆడవాళ్ల మెట్టెలు వేలికి బిగిసి ఉంటే వదులు చేయించండి. వాటి కింద చర్మం నలిగితే బయటికి కనబడదు.

క్యాష్ కౌంటర్లో, కంప్యూటర్ ముందు పొద్దస్తమానం కూర్చునే మన ఉద్యోగులకు ఒక సూచన. పైన చెప్పిన మొదటి నాలుగు వ్యాయామాలు కుర్చీలో కూర్చునే చేయవచ్చు. మార్చి 31న ఖాతాలు ముగించే రాత్రి కూడా బల్ల కింద చీలమండ తిప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దూరంలో ఉన్న పిల్లలకూ ఇందులో పని ఉంది. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి వారానికోసారి వీడియోలో "నాన్నా, భోంచేశారా?" అని అడుగుతారు. ఈ ఆదివారం ఇంకో మాట కలపండి: "నాన్నా, ఒకసారి అరికాళ్లు కెమెరాకు చూపించండి." ఆయన కోప్పడినా సరే చూడండి. అమ్మను అడిగి ఆ వేలి పరీక్ష చేయించండి. తేడా కనబడితే సోమవారమే డాక్టరు దగ్గర సమయం తీసుకోండి. పాదం బాగుంటే, డాక్టరును ఒకమాట అడిగి, వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు కేటాయించి పాఠం మొదలుపెట్టించండి.